ప్రమాణాల మార్పిడి

ఇది ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. ఒక మధ్యాహ్నం, నేను పాఠాలు చెప్పే ట్యూషన్ సెంటర్ మేడ మీద, ఆడపిల్లల బాత్‌రూమ్‌లో తలుపు గడియ పెట్టుకుని, నేను బొట్టు పెట్టుకున్నాను.

ఎర్రటి స్టిక్కర్ బొట్టు, కందిగింజంత. ఎవరో ఇంటర్ పిల్ల మొహం కడుక్కునేటప్పుడు తీసి అద్దానికి అంటించి మరిచిపోయినట్టుంది. ఆడపిల్లలు తిరిగే చోట అద్దాలన్నింటికీ అలాంటి బొట్లు ఉంటాయి. మా ఇంట్లో అద్దానికి మాత్రం ఎప్పుడూ లేదు. మేం క్రైస్తవులం. మా అమ్మ పెట్టుకోదు, అమ్మమ్మ పెట్టుకునేది కాదు. నేను పుట్టిన దగ్గర్నుంచి నా నుదుటి మీద దోమకాటు తప్ప ఎర్రగా ఇంకేదీ లేదు.

పెట్టుకుని చూసుకున్నాను. అద్దంలో వేరే మనిషి కనబడుతుందనుకున్నాను. కనబడలేదు. నేనే ఉన్నాను, కాస్త నిద్ర చాలని మొహంతో. మెట్ల మీద ఎవరివో చెప్పుల చప్పుడైతే గబుక్కున తీసేశాను. తీసిన దాన్ని మళ్ళీ అద్దానికి అంటించబోయి, ఎందుకో ఆగి, నా ఫోన్ వెనక నల్ల పౌచ్ ఊడదీసి, లోపల అంటించి, పౌచ్ తొడిగేశాను. బయటికి వచ్చి పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పాను.

ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలంటే అతని గురించి చెప్పాలి.

డిగ్రీలో మాది ఒకే క్లాసు, ఫిజిక్స్. మూడేళ్ళలో నేను అతనితో మాట్లాడినవన్నీ ల్యాబ్ మాటలే. "ఆ స్క్రూగేజి ఇస్తావా" అంటే "ఇదిగో" అనడం లాంటివి. అతనిది గోవాడ షుగర్ ఫ్యాక్టరీ పక్క పల్లె. వాళ్ళకి చెరుకు ఉంది. క్రషింగ్ రోజుల్లో అతను కాలేజీకి వస్తే చొక్కాకి బెల్లప్పాకం లాంటి వాసన ఉండేది, నేను వెనక బెంచీలో కూర్చుని ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఉండేదాన్ని. డిగ్రీ అయ్యాక ఇద్దరం చోడవరంలోనే, మెయిన్ రోడ్డు మీద చెప్పుల షాపు మేడ మీదున్న ట్యూషన్ సెంటర్‌లో చేరాం. ఒకరికొకరు చెప్పుకుని చేరలేదు. మొదటి రోజు మెట్ల మీద ఎదురుపడి, "నువ్వేటి ఇక్కడ?" అన్నాడు అతను. నేను చాక్‌పీస్ డబ్బా చూపించాను.

నా గొంతు మూడో బెంచీ దాటదు. అందుకని సెంటర్ ఓనరు నాకు పదో తరగతి లెక్కలు ఇచ్చి, మిగతా టైములో ఇంటర్ వాళ్ళ ఫిజిక్స్ షీట్లు రాయమన్నాడు. నా చేతిరాత బావుంటుందని. నేను రాస్తే కింద షాపులో జిరాక్స్ తీసేవాళ్ళు, పైన అతను పాఠం చెప్పేవాడు. పక్క గదిలో లెక్కలు దిద్దుకుంటూ నేను రాసిన మాటలు అతని గొంతులో వినేదాన్ని. అది నాకు చాలా ఇష్టంగా ఉండేది.

ఆ రోజు షీటు విద్యుదావేశం గురించి. తెలుగు మీడియంలో చదివిన వాళ్ళకి తెలుసు, ఛార్జిని పాఠంలో ఆవేశం అంటారు. యూనిట్‌ని ప్రమాణం అంటారు. ఆ రెండు మాటలూ వినగానే ఏ బ్యాచ్‌లోనైనా ఒకడు లేస్తాడు.

"సార్, ఆవేశానికి ప్రమాణం కూలుంబా?"

"అవును."

"అయితే మా నాన్నకి ఎన్ని కూలుంబులుంటాయి సార్? నిన్న నా మార్కులు సూసి సెప్పు తీసేడు."

"మీ నాన్నది స్టాటిక్‌రా. కాసేపు ఉంటే భూమిలోకి పోద్ది. నువ్వు మాత్రం ముట్టుకోకు."

క్లాసంతా నవ్వింది. పక్క గదిలో నేనూ నవ్వాను, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని.

ఆ క్లాసు అవగానే అతను షీటు పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. "ఈ సమానం ఎవరు పెట్టేరు?" అన్నాడు.

ఒక కూలుంబ్ అంటే మూడు వందల కోట్ల స్టాట్‌కూలుంబులని రాసి, మధ్యలో సమానం గుర్తు పెట్టాను నేను. పాత పద్ధతిలో, సెంటీమీటర్లూ గ్రాములూ వాడే రోజుల్లో, ఛార్జికి స్టాట్‌కూలుంబ్ ప్రమాణం. ఇప్పుడు కూలుంబ్. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చడం పరీక్షలో ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు.

"నేనే. గైడులో అలాగే ఉంది. కరెక్టుగా అయితే మూడు వందల కోట్లకి కొంచెం తక్కువ," అన్నాను. ఆ తక్కువ సంగతి ముందు రాత్రి మా నాన్న నా భుజం మీంచి చూసి అడిగిందే. మా నాన్న అనకాపల్లి రోడ్డులో లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర గుమస్తా. సుమారు అనే మాట ఆయనకి పడదు.

"తక్కువ ఎక్కువ కాదు," అని అతను ముందు బెంచీ మీద కూర్చున్నాడు. "మీటరంటే వంద సెంటీమీటర్లు. అక్కడ సమానం పెట్టొచ్చు. రెండూ పొడుగే. ఇక్కడ అలా కాదు గదా. కూలుంబ్ పద్ధతిలో ఛార్జి అనేది దానంతటది ఒక వస్తువు. పాత పద్ధతిలో ఛార్జికి సొంత కొలత లేదు. రెండు చుక్కల్ని సెంటీమీటరు దూరంలో పెట్టి, ఒకదాన్ని ఒకటి ఎంత తోసుకుంటన్నాయో చూసి, ఆ తోపుని బట్టి ఇంత అని చెప్తారు. అంటే పొడుగూ బరువూ టైమూ కలిపి చేసిన కొలత. అసలు 'ఛార్జి అంటే ఏటి' అన్న దగ్గరే రెండు పద్ధతులకీ కుదరదు. మరి సమానం ఎలా పెడతాం?"

"మరి మార్చడం ఎలా?"

"మార్చొచ్చు. ఇక్కడ ఇంత ఉంటే అక్కడ అంత ఉంటది అని చెప్పొచ్చు. అంతవరకే. రెండూ ఒకటే అనకూడదు."

"ఏమనాలి?"

అతను నా పెన్ను తీసుకుని సమానం గుర్తు మీద చిన్న గొడుగు లాంటి గీత గీశాడు. "ఇలా రాయాలి. 'సమానం' అని చదవకూడదు. 'సరిపోద్ది' అని చదవాలి."

జిరాక్స్ అప్పటికే అయిపోయింది. కాగితాలన్నీ ముందేసుకుని మెట్ల మీద కూర్చుని, సమానాలన్నింటికీ ఇద్దరం గొడుగులు గీశాం. అతని గొడుగులు వాలిపోయినట్టుండేవి, నావి నిటారుగా. కింద చెప్పుల షాపు వాడు కొత్త పెట్టెలు విప్పుతున్నాడు, రబ్బరు వాసన మెట్లెక్కి వస్తోంది. నా జీవితంలో నేను ఒక మగమనిషి పక్కన అంతసేపు కూర్చోవడం అదే మొదలు. కాగితాలు అయిపోతున్నాయని బాధేసింది.

మర్నాడు క్లాసులో వెనక బెంచీవాడు, "సమానానికి గొడుగేటి సార్? వానొస్తదా?" అన్నాడట. ఆ తర్వాత ఆ మాట సెంటర్‌లో అందరికీ పట్టుకుంది. చాక్‌పీసు సగం ముక్కే ఉందంటే "సరిపోద్ది" అనేవాళ్ళు. టీలో పంచదార తక్కువైతే "సరిపోద్ది". పదికి నాలుగు మార్కులొస్తే "సరిపోద్ది".

అతను నన్ను అడిగింది కూడా ఆ మెట్ల మీదే. కరెంటు లేని మధ్యాహ్నం. నా ఫోన్ చచ్చిపోతే తన పవర్ బ్యాంక్ ఇచ్చాడు. దాని మీద రాసుంటుంది చూడు, మిల్లీ యాంపియర్ అవర్, అది కూడా ఛార్జికి ప్రమాణమేనన్నాడు. నేను వేలితో అరచేతిలో లెక్క వేశాను. ఒక యాంపియర్ అవర్‌కి మూడు వేల ఆరు వందల కూలుంబులు. నా ఫోన్ బ్యాటరీ ఐదు యాంపియర్ అవర్లది, నిండా ఉంటే దానిలోంచి పద్దెనిమిది వేల కూలుంబులు నడుస్తాయి.

"ఒక్క కూలుంబ్‌ని విడిగా తీసి ఇక్కడ పెట్టి, ఇంకోదాన్ని కిలోమీటరు అవతల పెడితే, దాదాపు టన్ను బరువుతో తోసుకుంటాయి," అన్నాడు అతను. "అలాంటివి పద్దెనిమిది వేలు నీ చేతిలో ఉన్నాయి. నువ్వేమో గట్టిగా మాట్లాడవు."

"విడిగా లేవు గదా. ఒక వైపు నుంచి వెళ్ళింది రెండో వైపు తిరిగొచ్చేస్తుంది. మొత్తం కూడితే సున్నా," అన్నాను నేను.

అతను నవ్వి, తర్వాత నవ్వు ఆపి, "మీ ఇంట్లో అడగనా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదని కాదు. కింద ఎవరో బేరం ఆడుతున్నారు, అది పూర్తయ్యేదాకా చూశాను. ఆఖరికి, "సరిపోద్ది," అన్నాను.

అంత చెత్త సమాధానం ఎవరూ ఇచ్చి ఉండరు. అతను మాత్రం రెండు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, "ఇంకోసారి అను," అన్నాడు. అనలేదు.

ముందు వాళ్ళ ఇంట్లో చెప్పాడు. మూడో రోజో నాలుగో రోజో వచ్చి, మెట్ల మీద నా పక్కన కూర్చుని, వాళ్ళమ్మ మాటలు వాళ్ళమ్మ గొంతులోనే అప్పజెప్పాడు.

"'ఆ గుంట బొట్టెట్టుకుంటే సాలురా. ఇంకేటీ అడగను. మన పండక్కి మొక్కకపోయినా మానీ. నలుగురూ సూసే మొహం, బొట్టు లేకపోతే నాకు గుండెల్లో కలుక్కుమంటది.' అంతే అంది. ఏడవలేదు కూడా. మీ నాన్న ఏటంటారు?"

నేను అమ్మతో చెబితే, అమ్మ అప్పటికే నాన్నతో చెప్పింది. నాన్న గట్టిగా ఏమీ అనలేదు. అన్నం తింటూ, "బాప్తిస్మం తీసుకుంటే చాలు. పొలం అడగను, ఉద్యోగం అడగను," అన్నాడు. నేనూ ఆ మాట అతనికి అప్పజెప్పాను, నాన్న గొంతు అనుకరించడం చేతకాక నా గొంతులోనే.

"చూసేవా," అన్నాడు అతను. "ఇద్దరూ 'చాలు' అనే అన్నారు. సిస్టమే వేరు. ఇటు నుంచి అటు మార్పిడి చేసేస్తే అయిపోద్ది. నేను మారతానులే. నీళ్ళే గదా."

"నీళ్ళే గదా అనకు," అన్నాను.

అతనితో నేను అంత గట్టిగా మాట్లాడింది అదొక్కసారే. నాకు పదహారేళ్ళప్పుడు మా చర్చి తొట్టిలో, తెల్లబట్టల్లో, చలికి పళ్ళు కొట్టుకుంటుంటే పాస్టరు గారు నా ముక్కు మూసి నన్ను నీళ్ళలోకి దించారు. పైకి లేచినప్పుడు ఒడ్డున మా నాన్న తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ తువ్వాలు ఇప్పటికీ ఉతికి మడతపెట్టి ట్రంకుపెట్టెలో ఉంది. అవి ఉత్త నీళ్ళు కావు, నాకు.

అతను, "సరే. మరి బొట్టు? బొట్టంటే స్టిక్కరే గదా," అన్నాడు.

"మీ అమ్మ ముందు అనగలవా ఆ మాట?"

ఇద్దరం రోడ్డు మీద పోతున్న చెరుకు ట్రాక్టర్ల వైపు చూస్తూ కూర్చున్నాం.

నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నది ఆ మర్నాడే.

మా ఇంటికి అతను ఒక ఆదివారం సాయంత్రం వచ్చాడు. ఆరాధన అయ్యి, మధ్యాహ్నం నిద్రలు అయ్యాక. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మాడుగుల హల్వా పొట్లం పట్టుకుని. అమ్మ జంతికలు వేసింది. మాది రెండు గదుల ఇల్లు, మధ్యన కర్టెన్. నేను కర్టెన్ వెనక వంటగదిలో నిలబడ్డాను. ఆ కర్టెన్ కొలత తప్పి కుట్టింది, నేలకి జానెడు ఎత్తులో ఆగిపోతుంది. అవతల కూర్చున్న వాళ్ళకి నా పాదాలు కనబడతాయని నాకు తెలుసు. అయినా పక్కకి జరగలేదు.

నాన్న చెరుకు గురించి అడిగాడు. ఈ ఏడు ఎన్ని ఎకరాలు వేశారు, ఏ రకం, నరకడానికి మనుషులు దొరుకుతున్నారా అని. అతను అన్నిటికీ నెమ్మదిగా చెప్పాడు. నాన్నకి నచ్చాడని నాకు అర్థమైంది. నాన్నకి నచ్చని వాళ్ళతో ఆయన చెరుకు గురించి మాట్లాడడు.

తర్వాత టీ గ్లాసు కింద పెట్టి, "బాబూ, ఒక మాట అడుగుతాను. ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు. "ఈ బాప్తిస్మం నమ్మి తీసుకుంటన్నావా, మా పిల్ల కోసం తీసుకుంటన్నావా?"

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. దగ్గరగా ఉన్నాను కాబట్టి వినబడింది. "నమ్మేనని చెప్పించు తండ్రీ. నమ్మేనని చెప్పించు." ఏ కష్టానికీ అబద్ధం ఆడని మనిషి, మా అమ్మ. ఆ సాయంత్రం నా కోసం ఒక అబద్ధం ఇమ్మని దేవుణ్ణి అడిగింది.

"మీ అమ్మాయి కోసమేనండి," అన్నాడు అతను. "నమ్మకం అంటే నాకింకా తెలీదండి. అబద్ధం ఎందుకు. నేర్చుకుంటాను."

అమ్మ నా చెయ్యి వదిలేసింది.

నాన్న అతని మొహం వైపే చూశాడు. లారీ కాటా మీదికి ఎక్కాక ముల్లు ఆగేదాకా ఆయన అలాగే చూస్తాడు, తొందరపడడు. ఆఖరికి అన్నాడు: "నిజం చెప్పేవు బాబూ. అందుకే ఇవ్వలేకపోతన్నాను. ఆ నీళ్ళలోకి ఇంకోరి కోసం దిగకూడదు. దిగమని నేను చెప్పకూడదు."

"నమ్మేకే రమ్మంటారా? వస్తానండి. ఎన్నాళ్ళయినా."

"నువ్వు ఎప్పుడొచ్చినా, పిల్ల కోసమే నమ్మేడేమో అని నాకు అనుమానం ఉంటది. నీకూ ఉంటది. ఆ పిల్లకీ ఉంటది. మరి ముగ్గురం అనుమానంతో ఎలా బతుకుతాం చెప్పు?"

అతను కర్టెన్ వైపు చూశాడు. నాకు కనబడలేదు, కానీ కుర్చీ కిర్రుమని ఇటు తిరిగింది. నా పాదాల వైపు చూసి ఉంటాడు. అప్పుడు నేను కర్టెన్ తప్పించుకుని అవతలికి రావాల్సింది. ఏం చెప్పాలో తెలియకపోయినా, వచ్చి నిలబడాల్సింది. నా కాలి బొటనవేలు ముందుకి కదిలిందని కూడా నాకు గుర్తుంది. మిగతా నేను కదల్లేదు.

నాన్నకి కోపం వచ్చి ఉంటే బాగుండేది. మా సెంటర్ పిల్లాడి తండ్రిలాగా చెప్పు తీసి ఉంటే, నాకూ ఆవేశం వచ్చేదేమో. ఆవేశం లేని "కాదు"కి ఎదురుచెప్పడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు.

అతను మిగిలిన టీ అంతా తాగాడు. లేచి, "జంతికలు బావున్నాయండి," అన్నాడు వంటగది వైపు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వీధి గుమ్మం దగ్గర నాన్న అతని భుజం మీద చెయ్యి వేశాడు. తీసేదాకా అతను కదల్లేదు.

రాత్రి అన్నాల దగ్గర నాన్న నా కంచం వైపు చూస్తూ, "నా మీద కోపమా అమ్మా?" అన్నాడు.

"లేదు నాన్నా," అన్నాను. నిజమే చెప్పాను. ఎవరిమీదా కోపం రాలేదు నాకు. వాళ్ళమ్మ మీద రాలేదు, నాన్న మీద రాలేదు, నోరు తెరిచి ఉన్నమాట చెప్పిన అతని మీద అసలే రాలేదు. ఒక్కరిదైనా తప్పయితే దాన్ని పట్టుకుని ఏడ్చేదాన్ని. ఎంత వెతికినా ఎవరూ తప్పు చెయ్యలేదు. హల్వా పొట్లం అలాగే ఉండిపోయింది. అమ్మ విప్పలేదు, ఎవరికీ ఇవ్వలేదు, నెయ్యి కాగితం మీదికి ఊరి పొట్లమంతా అద్దంలా అయిపోయింది.

తర్వాత చాలా రోజులు ఆ బొట్టు గురించి ఆలోచించాను. అతను ఇటు రాలేకపోతే నేను అటు వెళ్ళొచ్చు కదా అని. వాళ్ళమ్మ నమ్మకం అడగలేదు, బొట్టే అడిగింది. పెట్టుకుని చూసుకున్నాను, మొహం నాదే ఉంది. ఏం పోయింది? కానీ నాన్న అతన్ని అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. నమ్మి పెట్టుకున్నావా, అతని కోసం పెట్టుకున్నావా? నేను చెప్పగలిగిన జవాబు కూడా అతను చెప్పినదే. వాళ్ళమ్మ అది అడగలేదని చెప్పి తప్పించుకోవడం ఎలా? రోజూ పొద్దున్నే ఆ పెద్దావిడ నా మొహం చూసి సంతోషపడుతుంటే, నా లోపల ఉత్త స్టిక్కరే ఉంటుంది. ఆవిడ గుండెల్లో ఉన్నదీ నా నుదుటి మీద ఉన్నదీ ఒకటి కావు. వాటి మధ్య సమానం పెట్టలేను. గొడుగు గీసి పెట్టగలను, అంతే. ఆ గొడుగు కింద ఒక జీవితం సరిపోతుందో లేదో తెలియదు. సరిపోయేదేమో. ఇప్పటికీ కొన్ని రోజులు సరిపోయేదనిపిస్తుంది, కొన్ని రోజులు లేదనిపిస్తుంది.

సెంటర్‌లో అతను ఇంకొన్నాళ్ళు పాఠాలు చెప్పాడు. నేను షీట్లు రాశాను. జిరాక్స్ కాగితాలు చేతులు మారేటప్పుడు తప్ప ఎదురుపడేవాళ్ళం కాదు. పిల్లలకి ఏదో తెలిసింది. "సరిపోద్ది" అనడం మానేశారు. ఎవరు చెప్పారో, ఎలా అనుకున్నారో. అంత అల్లరి పిల్లలు ఆ ఒక్క మాట దగ్గర నోరు మూసుకోవడం చూస్తే, అనేసినా బాగుండుననిపించేది.

ఇప్పుడు ఇంటర్ ఫిజిక్స్ కూడా నేనే చెప్తున్నాను. నా గొంతు ఇప్పుడు ఆఖరి బెంచీ దాకా వెళ్తుంది. ఆవేశం, ప్రమాణం అనగానే కొత్త బ్యాచ్‌లో కూడా ఎవడో ఒకడు లేస్తాడు. మొన్న ఒకడు, "టీచర్, ప్రమాణం అంటే మా అక్క చర్చిలో పెళ్ళికి చేసిందే కదా, అది మార్చుకోవచ్చా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను బోర్డు వైపు తిరిగి, ఒక కూలుంబ్ అని రాసి, సమానం గీసి, దాని మీద గొడుగు గీశాను. వాలిపోయినట్టు వచ్చింది. నా గొడుగులు నిటారుగా ఉండేవి.

అతను సెంటర్ వదిలింది, మాడుగుల అవతల, ఏజెన్సీ కొండల్లో, ఒక హాస్టల్ స్కూల్లో ఉద్యోగం వచ్చి. వెళ్ళే రోజు సాయంత్రం నేను బస్టాండుకి వెళ్ళాను. అతని పవర్ బ్యాంక్ నా దగ్గరే ఉండిపోయింది, అది ఇవ్వాలి. ఆ సాకు లేకపోతే వెళ్ళేదాన్ని కాదు. ఇంట్లో, జిరాక్స్‌కి వెళ్తున్నానని చెప్పాను.

అతను ఒక బ్యాగూ, వైరుతో కట్టిన పరుపుచుట్టా పక్కన పెట్టుకుని ప్లాట్‌ఫాం దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పరుపుచుట్ట జరిపి, నిలబడడానికి చోటిచ్చాడు. పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె విసనకర్ర విసురుతోంది, నిప్పురవ్వలు మా కాళ్ళ దాకా వచ్చి ఆరిపోతున్నాయి.

"వానలట పైన," అన్నాడు.

"గొడుగు పట్టుకెళ్తన్నావా?" అన్నాను. అనేశాక తెలిసింది ఏమన్నానో. ఇద్దరం అటూ ఇటూ చూశాం.

పవర్ బ్యాంక్ ఇచ్చాను. "ఉంచుకో," అన్నాడు. "వద్దు, అక్కడ కరెంటు ఉంటదో ఉండదో," అన్నాను. తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాడు. తర్వాత చెయ్యి చాపి, "నీ ఫోనేదీ?" అన్నాడు. నెంబరు తీసేయడానికేమో అనుకున్నాను. ఇచ్చాను.

తీసెయ్యలేదు. ఊరికే చేతిలో పట్టుకున్నాడు. బొటనవేలు స్క్రీన్ మీద, మిగతా వేళ్ళు వెనక నల్ల పౌచ్ మీద. మధ్యవేలు సరిగ్గా అక్కడే ఉంది. ఆ పల్చటి రబ్బరు అవతల నా నుదుటి మీది బొట్టు. చెప్పాలనుకున్నాను. పౌచ్ ఊడదీసి చూడు, ఒక్కసారి చూడు, నేనూ అటు వైపు ఒకసారి వచ్చి చూశాను అని. ఆ మాటలన్నీ వరసగా ఉన్నాయి నోట్లో. ఒకటీ ముందుకి రాలేదు.

బస్సు వచ్చి రివర్స్ చేస్తోంది. కండక్టరు మాడుగుల, మాడుగుల అని అరుస్తున్నాడు. జనం తోసుకుంటున్నారు. అతను పరుపుచుట్ట భుజానికెత్తుకున్నాడు. రెండో చేతిలో ఇంకా నా ఫోను ఉంది. దాని వైపే చూస్తూ అడిగాడు.

"పన్నెండే ఉంది ఛార్జింగు. తిన్నగా ఇంటికేనా?"

తలూపాను.

ఫోను నా చేతిలో పెట్టాడు.

"సరిపోద్దిలే."